మోతాదు మించకపోయినా ఊపిరి ఎందుకు ఆగుతుంది?

ఓవర్‌డోస్ అనే మాట వినగానే చాలామందికి ఒకటే బొమ్మ కళ్ళముందు కదులుతుంది. ఎవరో హద్దు మరిచి, ఒళ్ళు తట్టుకోలేనంత మత్తుమందు ఒకేసారి తీసుకున్నారు, ప్రాణం పోయింది. మాటలోనే తీర్పు కూడా ఇమిడి ఉంది: మోతాదు మించారు కాబట్టి తప్పు వాళ్ళదే. కానీ ఇలా పోయినవాళ్ళ రక్తాన్ని పరీక్షించినవాళ్ళకు ఎన్నోసార్లు ఈ బొమ్మ అతకలేదు. 1996లో షేన్ డార్క్, డెబోరా జాడోర్ అనే ఇద్దరు పరిశోధకులు హెరాయిన్ మరణాల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. హెరాయిన్ ఒంట్లో చేరాక మార్ఫిన్‌గా మారుతుంది. చనిపోయినవాళ్ళలో చాలామంది రక్తంలో ఆ మార్ఫిన్ పాళ్ళు, హెరాయిన్ వాడుతూ బతికి ఉన్నవాళ్ళ కంటే ఎక్కువగా లేవు. దానితోపాటు మాటిమాటికీ బయటపడ్డవి మద్యం, ఆందోళనకూ నిద్రకూ వేసుకునే మాత్రలు. మోతాదు అలాగే ఉంది, దాని పక్కన చేరినవి మారాయి.

2008 జనవరిలో నటుడు హీత్ లెడ్జర్ 28 ఏళ్ళకే చనిపోయినప్పుడు వైద్య పరీక్షాధికారి చెప్పినదీ ఇదే. ఆయన రక్తంలో దొరికినవి ఆరు మందులు. నొప్పికి వాడే ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్. ఆందోళనకూ నిద్రకూ వాడే డయజెపాం, టెమజెపాం, ఆల్ప్రజోలం. జలుబు మందుల్లోనూ నిద్ర మందుల్లోనూ ఉండే డాక్సిలమైన్. ఆరింట్లో ఒక్కటీ చీకటి సందులో కొనాల్సిన సరుకు కాదు. ఫలానా మందు చంపింది అని నివేదిక వేలు చూపలేదు. అన్నీ కలిసి చూపిన ప్రభావం వల్ల, ప్రమాదవశాత్తూ జరిగిన మరణం అని రాసింది.

మన భాషలో ఒక చిక్కు ఉంది. మాత్రనూ మందే అంటాం, మద్యాన్నీ మందే అంటాం. అయినా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని డాక్టర్ అడిగితే రెండో మందు ఎవరికీ గుర్తు రాదు. అసలు కలపడం అంటే రెండూ ఒకే గ్లాసులో పోసుకోవడం అనుకుంటాం. నిన్న రాత్రి వేసుకున్న నిద్రమాత్ర ఈ సాయంత్రం తాగే మద్యంతో కలవగలదు, ఎందుకంటే డయజెపాం లాంటివి ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. తనకు తెలియకుండా కలిపేవాళ్ళూ ఉన్నారు. ఒక మాత్ర అనుకుని కొన్నదాంట్లో మరొకటి ఉంటుంది. ఈ మూడు రకాల కలయికల్లోనూ శరీరానికి తేడా లేదు. దానికి తెలిసింది ఒకటే, ఈ క్షణాన రక్తంలో ఏమేం ఉన్నాయన్నది.

ఊపిరి సంగతి

నిద్రలో మనం ఊపిరి తీసుకోవాలని గుర్తు పెట్టుకోం. మెదడు కాండంలోని కొన్ని నాడీకణాలు ఆ పని చూసుకుంటాయి. వాటికి ప్రధానమైన సంకేతం రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. అది కాస్త పెరగ్గానే "ఊపిరి పీల్చు" అని ఆజ్ఞ వెళుతుంది. హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్, కోడీన్ లాంటి ఓపియాయిడ్లు ఈ కాపలాదారును మొద్దుబారుస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా అతనికి పట్టదు. ఊపిరి నెమ్మదిస్తుంది, పలచబడుతుంది, ఆగిపోతుంది.

మద్యమూ, ఆందోళనకూ నిద్రకూ వేసుకునే ఆల్ప్రజోలం లాంటి బెంజోడయజెపైన్ మాత్రలూ వేరే దారిన వస్తాయి. మెదడులో సహజంగా ఉండే బ్రేకు వ్యవస్థ, అంటే గాబా అనే రసాయనం పనిచేసే చోటు, వాటి వల్ల మరింత గట్టిగా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు బెంజోడయజెపైన్ మాత్రలు ఒక్కటే ప్రాణం మీదికి తేవడం అరుదు. అసలు ప్రమాదం ఈ నిజంలోనే దాక్కుని ఉంది. "ఈ మాత్రలు ఎన్నోసార్లు వేసుకున్నాను, ఏమీ కాలేదు" అన్న ధైర్యం అనుభవం నుంచి వచ్చినదే, అబద్ధం కాదు. కానీ అది ఒంటరి మాత్ర గురించిన అనుభవం. కాపలాదారును ఒక మందు నిద్రపుచ్చుతుంటే, అదే సమయంలో మరొకటి మెదడంతటికీ బ్రేకు వేస్తుంటే, ఫలితం రెండింటి కూడికతో ఆగదు. విడివిడిగా ఇబ్బంది పెట్టని మోతాదులు కలిసినప్పుడు ఊపిరిని ఆపగలవు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఓపియాయిడ్ నొప్పి మందులు, బెంజోడయజెపైన్లు రెండింటి సమాచార పత్రాల్లోనూ నల్లగీతల చట్రంలో హెచ్చరిక పెట్టించింది, ఈ రెండూ కలిస్తే మరణం సంభవించవచ్చని. ఆ సంస్థ దగ్గరున్న హెచ్చరికల్లో అంతకంటే గట్టిది లేదు. 2019లో నరాల నొప్పికి రాసే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ గురించి కూడా అలాంటి జాగ్రత్త చెప్పింది. ఇతర మత్తు మందులతో కలిసినా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా, వయసు పైబడినా ఇవి శ్వాసను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. నొప్పి మాత్ర, నరాల మాత్ర, నిద్రమాత్ర ముగ్గురు వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటే, మూడూ చీటీ ప్రకారమే వేసుకున్న మనిషి కూడా ఈ ప్రమాదంలోకి అడుగుపెట్టవచ్చు.

ఇక్కడ ఒక గదిలోకి తొంగి చూడాలి. మనిషి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. గురక పెడుతున్నాడు. మామూలుగా అంత గురక లేదు. మధ్యమధ్యలో గొంతులో నీళ్ళు గరగరలాడినట్టు చప్పుడు. ఆ గురక ఆగి, లెక్కపెడితే పది సెకన్లు, పదిహేను సెకన్లు నిశ్శబ్దం, మళ్ళీ ఒక పెద్ద ఊపిరి. పక్క గదిలో ఉన్నవాళ్ళు "పోన్లే, ఈరోజైనా హాయిగా నిద్రపోతున్నాడు" అని తలుపు దగ్గరగా వేస్తారు. ఆ గురక నాలుకా గొంతు కండరాలూ పట్టు వదిలేసి గాలిదారిని మూసేస్తున్న చప్పుడు. మెలకువగా ఉన్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఇతని ఊపిర్లు ఎవరైనా లెక్కపెట్టి ఉంటే తెలిసేది. హెరాయిన్ మరణాల్లో చాలావరకు క్షణంలో జరిగేవి కావు, గంట, రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అంటే కాపాడటానికి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని నిద్ర అనుకుని వదిలేయడం వల్ల పోయిన ప్రాణాల గురించి తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఒకటి లేపితే ఒకటి పడుకోబెడుతుందా?

మత్తు ఎక్కువైతే ఒంటిని ఉత్తేజపరిచే కొకైన్‌తోనో మెథాంఫెటమిన్‌తోనో లేవొచ్చు, ఉద్రేకం ఎక్కువైతే హెరాయిన్‌తోనో మాత్రతోనో దిగొచ్చు అన్న లెక్క వాడేవాళ్ళలో బలంగా ఉంది. తూకం సరిచూసినట్టు అనిపిస్తుంది. శరీరంలో అలాంటి త్రాసు లేదు. కొకైన్ గుండెను పరిగెత్తిస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది, గుండె కండరానికి ఆక్సిజన్ అవసరాన్ని పెంచుతుంది. హెరాయిన్ సరిగ్గా అదే ఆక్సిజన్ లోపలికి రాకుండా తగ్గిస్తుంది. గిరాకీ పెరిగిన వేళే సరఫరా పడిపోతుంది.

పైగా రెండింటి గడియారాలు వేరు. కొకైన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు గంట చాలు. మార్ఫిన్‌కు రెండు మూడు గంటలు పడుతుంది. కొకైన్ ఉన్నంతసేపూ మనిషి మెలకువగా, చురుగ్గా కనిపిస్తాడు, హెరాయిన్ ఎంత ఎక్కిందో అతనికే తెలియదు. "ఇంకా ఎక్కలేదు" అనుకుని మరికొంత తీసుకుంటాడు. తరవాత ఉత్తేజం దిగిపోతుంది, కింద దాగి ఉన్న మత్తంతా ఒక్కసారిగా పైకి తేలుతుంది. ఆ సమయానికి పక్కనున్న స్నేహితులు ఇతను బాగానే ఉన్నాడని ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారు.

మద్యం, కొకైన్ జోడీది మరో కథ. రెండూ ఒంట్లో ఉన్నప్పుడు కాలేయం వాటిని కలిపి కోకాఎథిలిన్ అనే మూడో పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, గుండెకు ఎక్కువ చేటు చేస్తుంది. తీసుకున్నవి రెండు, శరీరం ఎదుర్కొంటున్నవి మూడు. ఇలాంటి కలయికలో ఊపిరి ఆగకుండానే గుండె లయ తప్పవచ్చు, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు, ఒళ్ళు విపరీతంగా కాలిపోవచ్చు. ఓపియాయిడ్లకు ఉన్నట్టు ఉత్తేజక మందులకు విరుగుడు సూది ఏదీ లేదు. ఛాతీ నొప్పి, ఆగని వణుకు, తగ్గని వేడి, మతి తప్పిన మాటలు కనిపిస్తే ఆసుపత్రి ఒక్కటే దారి.

అలవాటు పడ్డ ఒళ్ళు, అలవాటు తప్పిన ఒళ్ళు

ఎక్కువకాలం వాడినవాళ్ళకు ప్రమాదం తక్కువనీ, కొత్తవాళ్ళకే ఎక్కువనీ అనుకుంటాం. ఒళ్ళు మందుకు అలవాటు పడటం నిజమే, వైద్యులు దాన్ని టాలరెన్స్ అంటారు. కానీ అది అన్నిచోట్లా ఒకే వేగంతో పెరగదు. మత్తు అనుభూతి త్వరగా తగ్గిపోతుంది, ఊపిరి మీద ప్రభావం అంత త్వరగా తగ్గదు. అదే అనుభూతి కోసం మోతాదు పెంచుతూ పోయేవాళ్ళకు కిక్కుకూ ప్రమాదానికీ మధ్యనున్న ఎడం రోజురోజుకూ సన్నబడుతుంది. సంపాదించుకున్న ఆ కాస్త టాలరెన్స్‌ను కూడా మద్యం పడగొట్టగలదని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. మార్ఫిన్‌కు బాగా అలవాటుపడి ఊపిరి తగ్గని ఎలుకలకు కొద్దిపాటి ఆల్కహాల్ ఇస్తే, దానంతట అది ఊపిరిని తగ్గించలేని మోతాదే అయినా, మార్ఫిన్ మళ్ళీ వాటి ఊపిరిని నొక్కేసింది.

నేను ఎక్కువగా ఆలోచించేది మరో ప్రయోగం గురించి. 1982లో షెపర్డ్ సీగెల్ బృందం కొన్ని ఎలుకలకు ఎప్పుడూ ఒకే గదిలో హెరాయిన్ ఇస్తూ అలవాటు చేసింది. చివర్లో వాటన్నిటికీ ఒకే పెద్ద మోతాదు ఇచ్చింది, కానీ కొన్నిటికి అలవాటైన గదిలో, కొన్నిటికి కొత్త గదిలో. అంతకుముందు హెరాయిన్ ఎరగని ఎలుకల్లో నూటికి 96 చనిపోయాయి. అలవాటైన గదిలో తీసుకున్నవాటిలో నూటికి 32. అంతే అలవాటు ఉండి, కొత్త గదిలో తీసుకున్నవాటిలో 64. మందు అదే, మోతాదు అదే, అలవాటు అంతే, గోడలు మాత్రం వేరు. పరిచితమైన చోటు, వాసన, వెలుతురు చూడగానే శరీరం రాబోయే మందుకు ముందే సన్నద్ధమవుతుంది. కొత్త చోట ఆ సన్నాహం జరగదు. అలవాటైన మనిషి తన మామూలు మోతాదునే ప్రయాణంలోనో, తెలియని గదిలోనో, కంగారులోనో తీసుకుని పడిపోవడం వెనుక ఈ కారణం ఉండవచ్చు.

అన్నిటికంటే భయంకరమైన సమయం మానేసి మళ్ళీ మొదలుపెట్టే క్షణం. కొద్దివారాలు మందు అందకపోతే టాలరెన్స్ జారిపోతుంది. జ్ఞాపకం మాత్రం పాత మోతాదునే గుర్తుంచుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో వాళ్ళు ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. జైలు తలుపు బదులు ఆసుపత్రి తలుపో, డీఅడిక్షన్ కేంద్రం తలుపో పెట్టుకున్నా ప్రమాదం ఈ తరహాదే. ఇంటికొచ్చిన కొడుకుకు "పూర్తిగా బాగైపోయావు" అని ధైర్యం చెప్పే కుటుంబానికి, ఆ మొదటి వారాలే ఎక్కువ కనిపెట్టుకోవలసినవని ఎవరో ఒకరు చెప్పి పంపాలి.

హెరాయిన్ లాంటివాటికి బదులుగా డాక్టర్లు దీర్ఘకాలం ఇచ్చే ఓపియాయిడ్ మందులు మెథడోన్, బుప్రెనార్ఫిన్. ఆ చికిత్సల విలువ ఇక్కడే తెలుస్తుంది. 2017లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణలో మెథడోన్ చికిత్సలో ఉన్నవాళ్ళలో అన్ని కారణాలూ కలిపి ఏడాదికి ప్రతి వెయ్యిమందికి సుమారు 11 మరణాలు ఉంటే, చికిత్స వదిలేసినవాళ్ళలో 36 ఉన్నాయి. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తున్నారు" అని తీసిపారేసేవాళ్ళు ఈ తేడా ముందు కాసేపు నిలబడాలి. అయితే మెథడోన్ మొదలుపెట్టిన తొలి నాలుగు వారాల్లో ప్రమాదం ఎక్కువే. దాని నొప్పి తగ్గించే గుణం కొద్దిగంటల్లో దిగిపోతుంది, మందు మాత్రం ఒంట్లో రోజుకు మించి ఉండవచ్చు. ప్రభావం అయిపోయిందనుకుని మీద మరోటి వేసుకుంటే పాతదీ కొత్తదీ పోగవుతాయి.

మరిచిపోవడం కూడా ఒక ప్రమాదమే. ఆల్ప్రజోలం లాంటి మాత్రలు వేసుకున్నాక జరిగినవి మెదడులో సరిగా నమోదు కావు. వేసుకున్న మాత్ర వేసుకున్నట్టు గుర్తుండదు. షీటులో ఖాళీ గళ్ళు చూసి మర్నాడు ఆశ్చర్యపోయినవాళ్ళు ఉన్నారు, చూడటానికి మర్నాడు మిగలనివాళ్ళూ ఉన్నారు.

ఏం కొన్నారో తెలియని సరుకు

మందు షాపులో కొన్న మాత్రకు లేబుల్ ఉంటుంది. అక్రమ సరుకుకు అమ్మినవాడి మాటే లేబుల్. ఫెంటానిల్ హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు శక్తివంతమైనది, అందుకే కంటికి ఆనని పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని పొడిలో సమంగా కలపడం దాదాపు అసాధ్యం. ఒకే సంచిలోంచి తీసిన రెండు మాత్రల్లో ఒకదాంట్లో ఏమీ ఉండకపోవచ్చు, రెండోదాంట్లో ప్రాణం తీసేంత ఉండవచ్చు. గాయకుడు ప్రిన్స్ 2016లో చనిపోయింది ఫెంటానిల్ కలిసిన నకిలీ నొప్పి మాత్రల వల్ల. తాను మింగుతున్నది ఫెంటానిల్ అని ఆయనకు తెలుసనడానికి ఆధారం దొరకలేదని దర్యాప్తు చేసినవాళ్ళు చెప్పారు. కొకైన్ మాత్రమే వాడుతున్నామనుకునేవాళ్ళకు ఓపియాయిడ్ టాలరెన్స్ అసలే ఉండదు కనుక, దాంట్లో ఫెంటానిల్ కలిసి వస్తే వాళ్ళకు అడ్డుపడేది ఏదీ లేదు. పశువులకు మత్తిచ్చే జైలజీన్‌ను కూడా కలుపుతున్నారు. అది ఓపియాయిడ్ కాదు కాబట్టి ఓపియాయిడ్ విరుగుడుకు లొంగదు.

ఒంట్లో ముందే ఉన్న జబ్బుల లెక్క కొంత సూటిగానే ఉంటుంది. కాలేయం దెబ్బతింటే చాలా మందులు విరగవు. మూత్రపిండాలు పనిచేయకపోతే మార్ఫిన్ నుంచి పుట్టిన చురుకైన పదార్థం బయటికి పోదు. ఆస్తమా, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో ఊపిరాగే జబ్బు ఉన్నవాళ్ళు ముందే అంచు దగ్గర ఉన్నారు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, కాలేయం కొన్ని ఓపియాయిడ్లను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, తీసుకునే మోతాదు పెరగకుండానే రక్తంలో ఫెంటానిల్, ఆక్సికోడోన్ పాళ్ళు పెరుగుతాయి. పారాసెటమాల్ కలిసిన నొప్పి మాత్రలు ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు, కాలేయం మాత్రం లోపల దెబ్బతింటూ ఉంటుంది.

వీటన్నిటికంటే బలంగా ముందుగా కనిపించే గుర్తు ఒకటుంది: ఇదివరకు ఒకసారి ఓవర్‌డోస్ అయి బతికి ఉండటం. అలా బయటపడ్డ మనిషిని మందలించి ఇంటికి పంపడం చూస్తుంటాం. నిజానికి ఆ మనిషి మీదే అందరి దృష్టీ నిలవాలి. మనసు కుంగి ఉండటం, చావాలన్న ఆలోచన, నిలువ నీడ లేకపోవడం, ఈమధ్యే ఎవరినో పోగొట్టుకోవడం కూడా ఈ ముప్పును పెంచేవే. ఇక ఒంటరితనం మిగతా ప్రమాదాలన్నిటినీ మరణంగా మార్చేస్తుంది. తలుపు గడియ పెట్టుకుని వాడే మనిషి ఊపిరి ఆగితే లెక్కపెట్టేవాళ్ళు ఉండరు. చీదరింపుకూ పోలీసులకూ భయపడే మనిషి గడియ పెట్టుకుంటాడు. సిగ్గుపెట్టి మాన్పించవచ్చని నమ్మే ఇళ్ళు ఈ గడియను తామే బిగిస్తున్నాయని నా నమ్మకం.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఇదంతా చదివి భయపడి, ఏళ్ళ తరబడి రోజూ వాడుతున్న మద్యాన్నో బెంజోడయజెపైన్ మాత్రలనో రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వీటిని డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలి.

పక్కన ఉన్నవాళ్ళ చేతిలో

పిలిస్తే పలకడం లేదు, ఛాతీ ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలిక లేదు, పెదవులు, గోళ్ళు నీలంగానో బూడిదరంగులోనో మారాయి, కంటిపాపలు సూది మొనల్లా కుంచించుకుపోయాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఇవి చూశాక తెల్లారేదాకా ఆగకూడదు. ముందు అంబులెన్సుకు ఫోన్. మెదడుకు ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే శాశ్వతమైన నష్టం మొదలవుతుంది, కాబట్టి ఊపిరి లేకపోతే నోటి ద్వారా ఊదడం, నాడి కూడా లేకపోతే ఛాతీ నొక్కడం వెంటనే మొదలుపెట్టాలి. చన్నీళ్ళ స్నానం, కాఫీ, ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం, ఏవీ పనిచేయవు. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది.

నాలాక్సోన్ అనే విరుగుడు ఓపియాయిడ్లను మెదడులో వాటి స్థానాల నుంచి తోసేసి ఊపిరిని తిరిగి రప్పిస్తుంది. ఓవర్‌డోస్‌ను కళ్ళారా చూసే అవకాశం ఉన్నవాళ్ళందరికీ, అంటే కుటుంబానికీ స్నేహితులకూ కూడా ఇది అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సిఫారసు చేసింది. ముక్కులో కొట్టే స్ప్రేగా కూడా వస్తుంది. ఓపియాయిడ్ లేని మనిషికి ఇచ్చినా హాని చేయదు కాబట్టి, ఏం తీసుకున్నారో తెలియకపోతే ఇవ్వడమే మంచిది. అయితే కలిపి తీసుకున్నవాళ్ళ విషయంలో అది సగం పనే చేస్తుంది. మద్యాన్నీ, నిద్రమాత్రనూ, జైలజీన్‌నూ అది తాకదు. ఊపిరి తిరిగొచ్చినా మనిషి కళ్ళు తెరవకపోవచ్చు. బెంజోడయజెపైన్లకు ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉన్నా, వాటికి అలవాటు పడినవాళ్ళలో మూర్ఛలు తెప్పించగలదు కనుక ఇంటి దగ్గర వాడే వస్తువు కాదు. కాబట్టి కళ్ళు తెరిపించాలని స్ప్రే మీద స్ప్రే కొట్టనక్కర్లేదు, చూడాల్సింది ఊపిరి నడుస్తోందా లేదా అన్నదే.

నాలాక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాల్లో అయిపోతుంది. మెథడోన్ లాంటివి అంతకంటే ఎంతో ఎక్కువసేపు ఉంటాయి. లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికి పోతాను" అన్న మనిషి గంట తరవాత మళ్ళీ అదే మత్తులోకి జారిపోవచ్చు. అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు ముందుకు మడిచి, నోరు కిందివైపు ఉండేలా చూసి, అంబులెన్సు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. వచ్చినవాళ్ళకు ఏమేం తీసుకున్నాడో, ఎంతసేపైందో, నాలాక్సోన్ ఎన్నిసార్లు ఇచ్చారో చెప్పాలి. మాత్రల షీట్లు చేతికివ్వాలి. సాయంత్రం తాగిన మద్యం సంగతి కూడా చెప్పాలి.